‘ఏ వేప్‌తో మొదలుపెట్టాలి?’: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ-సిగరెట్ల (వేప్‌ల) మీద బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఊరి పేర్లే వేస్తున్నాం.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పీజీలో ఉంటాను. రోజుకి 12 సిగరెట్ల దాకా అవుతున్నాయి. మా టీంలో ఇద్దరు వేప్‌కి మారారు. బట్టలు కంపు కొట్టవు, దగ్గు తగ్గింది అంటున్నారు. కొత్తవాడికి ఎలాంటిది మంచిది? నికోటిన్ ఎన్ని మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి? – మారతహళ్లి

జవాబు: ముందు చట్టం సంగతి చూద్దాం, మిగతా జవాబు దాని మీదే ఆధారపడింది. కర్ణాటక 2016లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది. 2019 సెప్టెంబరు 18న కేంద్రం దేశమంతటికీ ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. స్టాకు దాచిపెడితే ఆరు నెలల దాకా, లేదా 50 వేల దాకా, లేదా రెండూ. తాగేవాడికంటూ ఆ చట్టం విడిగా శిక్ష రాయలేదు. చాలామంది ‘తాగితే తప్పు లేదట’ అని అక్కడే ఆగిపోతున్నారు. అమ్మేవాడు నేరం చేస్తూ అమ్ముతున్నాడు కదా, బిల్లు ఇవ్వడు, పాడైతే వెనక్కి తీసుకోడు. డబ్బా మీద వేసిన అంకె నిజమో కాదో చూసే దిక్కు లేదు. మీరడిగిన ‘ఎన్ని మిల్లీగ్రాములు’ అన్న ప్రశ్నకు మనదేశంలో నమ్మకమైన జవాబు దొరకనిది ఇందుకే.

వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్తాం. చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో చేసిన నమూనా నుంచి నేటి దాకా లోపలి సరుకు నాలుగే: ఒక లిథియం బ్యాటరీ, ఒక సన్నని తీగ చుట్ట (కాయిల్), దాని లోపలో చుట్టూనో దూది, ఆ దూదిని తడిపే ద్రవం. ద్రవంలో ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచికి వేసే రసాయనాలు, నికోటిన్ ఉంటాయి. మీరు పీల్చగానే గాలి ఒత్తిడిని పసిగట్టే చిన్న సెన్సరు బ్యాటరీని కలుపుతుంది. 3.7 వోల్టుల బ్యాటరీ, 1.2 ఓమ్‌ల కాయిల్ అయితే సుమారు 11 వాట్లు. అంత వేడి ఆ చిటికెడు తీగ మీద పడేసరికి దూదిలోని ద్రవం పొగమంచులా లేస్తుంది. పేరు ఆవిరే గానీ, నిజానికి అది సన్నటి తుంపరలు.

దూది తడిగా ఉన్నంతసేపు వేడి అదుపులో ఉంటుంది. వెంటవెంటనే లాగితే, లేదా ద్రవం అడుగంటితే దూది ఎండిపోతుంది, తీగ వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు గ్లిజరిన్ విరిగి ఆక్రోలీన్ అనే ఘాటు వాయువు వస్తుంది. మూకుడులో నూనె మాడినప్పుడు ముక్కుకీ కళ్లకీ తగిలే మంట ఉంటుందే, అదే ఇది. దాంతోపాటు ఫార్మాల్డిహైడ్ కూడా. వంటింట్లో అయితే కిటికీ తెరుస్తాం. ఇక్కడ నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగుతున్నాం.

ఇక నికోటిన్. ఒక సిగరెట్ తాగితే ఒంటికి పట్టేది సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. దొంగచాటుగా దొరికే డిస్పోజబుల్ వేప్‌ల మీద ఎక్కువగా ‘5 శాతం’ అని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు. 2 మిల్లీలీటర్లు పడితే మొత్తం 100. అందులో సగమే ఒంటికి పట్టిందని మోటు లెక్క వేసుకున్నా 40 సిగరెట్లంత. ఐరోపా సమాఖ్య దేశాల్లో చట్టప్రకారం అమ్మే ద్రవంలో మిల్లీలీటరుకి 20 మించకూడదు. మనకు దొరికేవాటిలో ఆ హద్దు కూడా లేదు. పైగా వీటిలో నికోటిన్‌ని బెంజోయిక్ ఆమ్లంలాంటి వాటితో కలిపి ‘సాల్ట్’గా మారుస్తారు, గొంతు గీరుకోదు. గొంతు మండితే మనిషి తనంతట తనే ఆగుతాడు, మండకపోతే ఆపేదేముంది? సిగరెట్ అయితే ఫిల్టరు దాకా కాలి దానంతట అదే ఆరిపోతుంది. వేప్‌కి అంతం లేదు. మీటింగుకీ మీటింగుకీ మధ్య నాలుగు దమ్ములు, బాత్రూములో నాలుగు, దుప్పటి కింద నాలుగు. కొత్తవాళ్లను ముంచేది ఎక్కువగా ఈ లెక్క తెలియని అలవాటే.

‘అయినా సిగరెట్ కంటే మేలే కదా?’ అని మీరడగబోయే ప్రశ్న మాకు తెలుసు. నిజాయితీగా చెప్పాలి. పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. ఆ మేరకు సిగరెట్ కంటే విషాలు తక్కువే. 2019లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక బ్రిటిష్ పరిశోధన వచ్చింది. 886 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఈ-సిగరెట్, ఇంకో జట్టుకి నికోటిన్ గమ్ (నమిలే బిళ్ల), ప్యాచ్‌ (చర్మానికి అంటించే పట్టీ) వంటివి ఇచ్చారు, అందరికీ కౌన్సెలింగ్ కూడా. ఏడాది తర్వాత సిగరెట్ మానినవారు ఈ-సిగరెట్ జట్టులో 18 శాతం, రెండో జట్టులో 9.9 శాతం. ఇంతవరకే మీ మిత్రులు చెప్తారు. రెండో ముక్క కూడా వినండి: మానినవాళ్లలో ఏడాది తర్వాత కూడా తమకిచ్చిన దాన్ని వాడుతున్నవారు మొదటి జట్టులో 80 శాతం, రెండో జట్టులో 9 శాతం. అంటే సిగరెట్ పోయింది, వేప్ ఉండిపోయింది. అదీ ద్రవం నాణ్యత మీద నిఘా ఉన్న దేశంలో, పక్కన కౌన్సెలర్ ఉండగా. టెక్‌పార్కు గేటు బయట సంచిలోంచి తీసి ఇచ్చేదానికి ఆ ఫలితాలు అంటగట్టడం కుదరదు.

కాబట్టి ఏ పరికరం కొనాలో మేం చెప్పం. 12 సిగరెట్ల మనిషికి ఎన్ని మిల్లీగ్రాములు కావాలో మాత్రం కచ్చితంగా చెప్పగలం, ఎందుకంటే గమ్, ప్యాచ్‌లకి పరీక్షించిన లెక్క ఉంది. 21 మిల్లీగ్రాముల ప్యాచ్, సిగరెట్ తలపు పొంగినప్పుడు 2 మిల్లీగ్రాముల గమ్ (లేచిన అరగంట లోపే వెలిగించేవారైతే 4). ఎలా వాడాలో కింద మరో ఇద్దరికి ఇచ్చిన జవాబుల్లో ఉంది.

ప్రశ్న: నికోటిన్ లేని వేప్ కూడా నిషేధమేనా? అది ఉత్త ఫ్లేవరే కదా. – ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: నిషేధమే. చట్టంలోని నిర్వచనంలోనే ‘నికోటిన్ ఉన్నా లేకపోయినా’ అని ఉంది. ఈ-హుక్కా, పొగాకును కాల్చకుండా వేడి చేసే పరికరాలు కూడా అందులోకే వస్తాయి. ఇక ‘ఉత్త ఫ్లేవర్’ గురించి: తినడానికి పనికొచ్చే రుచులన్నీ పీల్చడానికి పనికిరావు. పేగులు అరిగించుకునేదాన్ని ఊపిరితిత్తి అరిగించుకోలేదు. 2019–20లో అమెరికాలో వేపింగ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రుల పాలైన కేసులు నమోదయ్యాయి, 68 మంది చనిపోయారు. ప్రధానంగా దొరికిన దోషి విటమిన్-ఇ అసిటేట్, అదీ ఎక్కువగా గంజాయి సారం కలిపి చాటుగా అమ్మిన కార్ట్రిడ్జుల్లో. విటమిన్ మాత్రగా మింగితే ఏమీ చేయని పదార్థమే. ‘సున్నా శాతం’ అని రాసిన డబ్బాలో సున్నాయే ఉందని చెప్పేవాడూ లేడు.

ప్రశ్న: మా బావగారు లండన్ నుంచి వస్తున్నారు. నాకోసం ఒకటి తెమ్మని చెప్పనా? వాడుకకే కదా, అమ్మడానికి కాదు. – వైట్‌ఫీల్డ్

జవాబు: వద్దు. చట్టం ‘దిగుమతి’ అన్నప్పుడు ‘ఒక్కటైతే ఫర్వాలేదు’ అనే మినహాయింపు ఇవ్వలేదు. కెంపేగౌడ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వస్తువు పోతుంది, బావగారి ముందు మీ మాటా పోతుంది. ఆయన సింగపూర్ మీదుగా వస్తుంటే మరీ జాగ్రత్త, అక్కడ దగ్గర ఉంచుకోవడమే నేరం.

ప్రశ్న: ఏడాదిగా డిస్పోజబుల్ వాడుతున్నాను. వారానికి ఒకటి అవుతోంది. ఈమధ్య కాలిన రుచి వస్తోంది, అప్పుడప్పుడు చేదు ద్రవం నోట్లోకి వస్తోంది. మానాలనే ఉంది. సిగరెట్ తాగేవాళ్లకైతే ప్యాకెట్ లెక్క ఉంటుంది, నా లెక్క ఏమిటి? – బెల్లందూరు

జవాబు: కాలిన రుచి అంటే దూది మాడింది. తీపి రుచి కోసం కలిపే సుక్రలోజ్ తీగ మీద నల్లని గారలా పేరుకుంటుంది. దాని కింద వేడి ఎక్కువై దూది కమిలిపోతుంది. ఒకసారి మాడిన దూది మళ్లీ బాగుపడదు, ఎంతసేపు పక్కన పెట్టినా సరే. నోట్లోకి వచ్చేది ఆవిరి కాని ద్రవం, గట్టిగా పీల్చినా, కారులో ఎండకి వేడెక్కి పలచబడినా దారి గుండా పైకి కారుతుంది. నికోటిన్ ద్రవమే కనక వెంటనే ఉమ్మి నోరు కడుక్కోండి, మింగవద్దు.

మీ లెక్క దమ్ములతో తేలదు. ఒకే ఒక్క ప్రశ్నతో తేల్చుకోండి: పొద్దున లేచాక మొదటి దమ్ము ఎంతసేపటికి? అరగంట లోపే అయితే మీ ఒళ్లు నికోటిన్ మీద గట్టిగా ఆధారపడింది. నికోటిన్ అర్ధాయువు సుమారు రెండు గంటలు, అంటే ప్రతి రెండు గంటలకీ రక్తంలో ఉన్నది సగమైపోతుంది. రాత్రంతా నిద్రలో ఖాళీ అయిన ఒళ్లు లేవగానే అడుగుతోందన్నమాట. మీరు 21 ప్యాచ్‌తో, 4 మిల్లీగ్రాముల గమ్‌తో మొదలుపెట్టడం గురించి డాక్టరుతో మాట్లాడండి. అరగంట దాటాకే అయితే 14 ప్యాచ్, 2 గమ్‌తో సరిపోవచ్చు.

తేదీ పెట్టుకునే ముందు వారం పది రోజులు ఒక పని చేయండి. వేప్‌ని జేబులో, మెడలో, దిండు పక్కన ఉంచవద్దు. ఇంటి బయట షూ ర్యాక్‌లోనో బండి డిక్కీలోనో పెట్టండి. దమ్ము కావాలంటే లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి వెళ్లాలి. చేతికి తెలియకుండా నోటికి వెళ్లే దమ్ములు దీంతోనే చాలావరకు రాలిపోతాయి. ఉన్నది అయిపోయేలోపు ఇంకోటి కొని ‘స్పేర్’ పెట్టుకునే అలవాటు ముందు ఆపండి. స్పేర్ ఉన్నవాడి తేదీ ఎప్పుడూ వచ్చే సోమవారమే.

ప్రశ్న: నికోటిన్ గమ్ రెండుసార్లు ప్రయత్నించాను. ఎక్కిళ్లు, కడుపులో మంట, కారంగా ఉండి నోరంతా చచ్చింది. సిగరెట్ కోరిక మాత్రం అలాగే ఉంది. ఇదంతా కంపెనీల వ్యాపారమేనా? – బీటీఎం లేఔట్

జవాబు: గమ్ తప్పు కాదు, మన నమలడం తప్పు. పేరులో గమ్ అని ఉంది కదా అని బబుల్‌గమ్‌లా కసకసా నమిలేస్తాం. నికోటిన్ అంతా ఒకేసారి ఉమ్ములోకి దిగి కడుపులోకి పోతుంది. కడుపులోంచి అది రక్తంలోకి సరిగ్గా చేరదు, మంట, ఎక్కిళ్లు మాత్రం పెడుతుంది. అది పట్టాల్సింది బుగ్గ లోపలి పొరలోంచి.

పద్ధతి ఇది. బిళ్ల నోట్లో వేసుకుని మెల్లగా నమలండి, పది పదిహేను నమలులకి మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. ఆ చురుకు తెలియగానే ఆపేయండి. బిళ్లని బుగ్గకీ చిగురుకీ మధ్య, నిమ్మకాయ బద్ద నొక్కిపెట్టినట్టు నొక్కిపెట్టి ఉంచండి. నిమిషం సేపటికి చురుకు తగ్గుతుంది. మళ్లీ నాలుగు నమిలి, ఈసారి రెండో బుగ్గలో పెట్టండి. ఇలా అరగంట. నమిలినా చురుకు రావడం లేదంటే అయిపోయినట్టే, కాగితంలో చుట్టి పారేయండి.

ఇక బెంగళూరులో గమ్‌ని చంపేది కాఫీ. దర్శిని హోటల్లో బై-టూ కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టగానే గమ్ వేసుకుంటారు. నోరు క్షార గుణంతో ఉంటేనే నికోటిన్ బుగ్గలోంచి ఎక్కుతుంది. కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింకు ఆమ్లం, నోటిని పుల్లగా మారుస్తాయి. అప్పుడు మీరు ఎంతసేపు నొక్కిపెట్టినా అది మింగుడు పడేదే తప్ప ఎక్కేది కాదు. గమ్‌కి ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. కాఫీ మానమనడం లేదు. ముందు గమ్ పని కానిచ్చి, తర్వాత కాఫీ.

రెండోది, సమయం. సిగరెట్ పొగలోని నికోటిన్ 10–20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. గమ్ పూర్తి స్థాయికి రావడానికి 20–30 నిమిషాలు. ఒకటి సందుల్లో దూరే ఆటో అయితే, ఇంకోటి సిల్క్‌బోర్డు సిగ్నల్లో నిలబడ్డ బస్సు. కోరిక పుట్టాక వేసుకుంటే బస్సు వచ్చేసరికి మీరు సిగరెట్లు అమ్మే బేకరీ ముందు నిలబడి ఉంటారు. అందుకే గడియారం చూసి వేసుకోవాలి: మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్నంతసేపు గంట రెండు గంటలకి ఒకటి, రోజుకి తొమ్మిదికి తగ్గకుండా. 7 నుంచి 9 వారాల్లో రెండు నాలుగు గంటలకి ఒకటి. 10 నుంచి 12 వారాల్లో నాలుగు ఎనిమిది గంటలకి ఒకటి. రోజుకి 24 మించకూడదు. గమ్ పనిచేయలేదన్నవాళ్లని అడిగి చూడండి, రోజుకి రెండో మూడో వేసుకుని ఉంటారు.

2 మిల్లీగ్రాముల బిళ్ల మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు, 4కి చీటీ కావాలి. లేచిన అరగంట లోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి 2 చాలదు. పళ్లు కట్టించుకున్నవాళ్లు, దవడ నొప్పి ఉన్నవాళ్లు చప్పరించే లోజెంజ్ తీసుకోవచ్చు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఏదీ వాడవద్దు. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను చేర్చారు. వ్యాపారం కంపెనీలదే, వైద్యం మాత్రం నిజమైనదే.

ప్రశ్న: మా వారికి డాక్టరు ప్యాచ్ రాశారు. అంటించిన చోట దురద, రాత్రిళ్లు పిచ్చి కలలు. ఒకరోజు ప్యాచ్ ఉండగానే సిగరెట్ తాగేశారట. గుండె ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. – యలహంక

జవాబు: భయపడకండమ్మా. ప్యాచ్ మీద ఒక సిగరెట్ తాగితే గుండెపోటు వస్తుందన్నది పాత పుకారు. తల తిరగడం, వికారం, గుండె దడ అనిపిస్తే ప్యాచ్ తీసేసి డాక్టరుకి చెప్పాలి. అసలు తాగాలనిపించిందంటే ప్యాచ్ మోతాదు చాలడం లేదని అర్థం కావచ్చు. ప్యాచ్ నెమ్మదిగా, సమంగా ఇస్తుంది, ఉన్నట్టుండి లేచే కోరికకి గమ్ తోడు కావాలి. రెండూ కలిపి వాడితే ఒక్కదానికంటే బాగా పనిచేస్తాయని పరిశోధనలు గట్టిగానే చెప్తున్నాయి.

దురదకి: రోజూ చోటు మార్చండి. కుడి భుజం, ఎడమ భుజం, ఛాతీ పైభాగం, వీపు. ఒకసారి వేసిన చోట వారం దాకా మళ్లీ వేయకూడదు. వెంట్రుకలు ఉంటే కత్తెరతో కత్తిరించాలి, గీసుకుంటే చర్మం మంటెత్తుతుంది. స్నానం చేసి పూర్తిగా తుడుచుకున్నాక అంటించాలి. కొబ్బరినూనె, పౌడరు, క్రీము రాసిన ఒంటికి అంటదు, మధ్యాహ్నానికి చొక్కాకి అంటుకుని కనిపిస్తుంది. అరచేత్తో పది సెకన్లు గట్టిగా నొక్కాలి. కాస్త ఎర్రబడటం మామూలే, బొబ్బలొస్తే ఆపేయాలి. కలలకి: పడుకునే ముందు తీసేసి, లేవగానే కొత్తది.

రోజుకి పదికి పైగా తాగేవారికి మామూలు లెక్క: 21 మిల్లీగ్రాములది ఆరు వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. పది అంతకంటే తక్కువైతే 14తో ఆరు వారాలు, తర్వాత 7తో రెండు. బాగుంది కదా అని మూడో వారంలో ఆపేసేవాళ్లే ఎక్కువ, జారేదీ వాళ్లే. తీసేసిన ప్యాచ్‌లో కూడా నికోటిన్ మిగిలి ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకి అందని చెత్తబుట్టలో వేయండి.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ మేమే చెప్తాం. పొగలోని తారు పదార్థాలు కాలేయాన్ని ఉరికించి కాఫీలోని కెఫీన్‌ని త్వరగా ఖర్చు చేయిస్తాయి. పొగ మానగానే అదే కాఫీ ఒంట్లో దాదాపు రెట్టింపు సేపు ఉంటుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఇవన్నీ సిగరెట్ మానినందుకే అనుకుంటారు, సగం కాఫీ చేసే పని. మొదటి వారం నుంచే కాఫీ సగానికి తగ్గిస్తే ఇంట్లో మీ మీద విసుక్కోవడమూ సగమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సెలవులకి వచ్చినప్పుడు బట్టలు ఉతకబోతే జేబులో హైలైటర్ పెన్నులాంటిది దొరికింది, పుచ్చకాయ వాసన. వాళ్ల నాన్నకి చెప్తే చంపేస్తారు. ఏం చేయను? – హిందూపురం

జవాబు: ముందు ఆ వస్తువు. అది వేపే. వాషింగ్ మెషీన్లో పడకుండా చూశారు, మంచిపని. లోపల లిథియం బ్యాటరీ ఉంది, నీళ్లు దిగినా, నలిగినా అంటుకోవచ్చు. సుత్తితో పగలగొట్టకండి, పొయ్యిలో వేయకండి, మున్సిపాలిటీ చెత్త బండిలో కూడా వేయకండి, లారీలో నలిగి అక్కడ అంటుకుంటుంది. నోటితో లాగే రంధ్రానికి టేపు వేసి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పిల్లలకి అందకుండా ఉంచి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇవ్వండి. ఆ వస్తువు ఉబ్బినట్టుంటే ఛార్జింగుకి అసలు పెట్టకూడదు.

ఇక అబ్బాయి. ‘ఎవడు నేర్పాడు రా’ అని మొదలుపెడితే ‘ఫ్రెండుది’ అన్న జవాబే వస్తుంది. ‘పొద్దున లేచాక ఎంతసేపటికి కావాలనిపిస్తుంది నాన్నా?’ అని అడగండి. ‘ఎప్పుడైనా పార్టీలో’ అంటే ఇంకా అలవాటు ముదరలేదు, గమ్ కూడా అక్కర్లేకపోవచ్చు. ‘లేవగానే’ అంటే వైద్యం కావాలి. 1800-11-2356 ఉచిత నంబరు, జాతీయ పొగాకు క్విట్‌లైన్. దక్షిణాది భాషల కాల్స్ బెంగళూరు నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ) కేంద్రం చూస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వాళ్లు తేదీ పెట్టించి, తర్వాత తామే ఫోన్ చేసి అడుగుతారు. మీరు డయల్ చేసి ఫోను అబ్బాయి చేతికివ్వండి, మాట్లాడాల్సింది అతనే. ఫోను వద్దనుకుంటే నిమ్హాన్స్‌లోనే అడిక్షన్ మెడిసిన్ విభాగం ఉంది, నేరుగా వెళ్లవచ్చు. నాన్నగారికి ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇంటి సంగతి, తేదీ పెట్టుకున్నాక చెప్తే కోపం కాస్త తగ్గుతుందని మాత్రం మా అంచనా.

ప్రశ్న: రూమ్మేట్ వేప్ ద్రవం సీసా వదిలేసి వెళ్లాడు. మా అక్క కూతురు, మూడేళ్లు, మూత తీసి నోట్లో పెట్టుకోబోయింది. మింగితే ఏమయ్యేది? – కె.ఆర్. పురం

జవాబు: చిన్నపిల్లలకి కొద్ది మిల్లీలీటర్లే ప్రాణాపాయం. వాంతులు, ముఖం పాలిపోవడం, చెమటలు, లాలాజలం కారడం, తర్వాత మూర్ఛ రావచ్చు. మింగిందన్న అనుమానం చాలు, లక్షణాల కోసం ఆగకూడదు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. నోరు తుడిచి, 108కి ఫోన్ చేసి, సీసాని వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం మీద పడ్డా లోపలికి పీల్చుకుంటుంది, బట్టలు విప్పేసి సబ్బుతో ధారాళంగా కడగాలి.

ప్రశ్న: గమ్, ప్యాచ్ కాకుండా మాత్రలు ఉన్నాయంటున్నారు? – మడివాళ

జవాబు: ఉన్నాయి, రెండూ డాక్టరు చీటీతోనే. వరెనిక్లిన్ మెదడులో నికోటిన్ తగులుకునే గ్రాహకాలనే పట్టుకుని, సిగరెట్ తాగినా మజా రాకుండా చేస్తుంది. మానే తేదీకి వారం ముందు మొదలు: మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు ఒకపూట, నాలుగు రోజులు రెండుపూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుపూటలా, మొత్తం 12 వారాలు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, టిఫిన్ చేసి పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. రెండోది బ్యుప్రోపియాన్, ఫిట్స్ ఉన్నవాళ్లకి పనికిరాదు.

ప్రశ్న: మూడు వారాలు పూర్తిగా మానేశాను, ప్యాచ్ మీదే ఉన్నాను. ఆదివారం బిర్యానీ తిన్నాక ఉండబట్టలేక షాపుకి వెళ్లాను. ఇప్పుడు విడిగా అమ్మకూడదట, పది ఉన్న ప్యాకెట్ కొన్నాను. ఒక్కటే తాగాను. మళ్లీ మొదటికొచ్చినట్టేనా? – హొసూరు రోడ్డు

జవాబు: కాదు. ప్యాచ్ తీయకండి, మోతాదు తగ్గించకండి, రేపటికి మామూలుగానే కొత్తది వేయండి. ఒంటిబాధ రెండు మూడు రోజుల్లో శిఖరానికి వెళ్లి, రెండు నుంచి నాలుగు వారాల్లో దిగిపోతుంది. మీకు అది చాలావరకు గడిచిపోయింది. ఆదివారం లాగింది ఒళ్లు కాదు, బిర్యానీ తర్వాతి నిమిషం. ఒక్కో కోరిక నిలిచేది మూడు నుంచి ఐదు నిమిషాలే. వచ్చే ఆదివారం ఆకు పెట్టకముందే ఒక గమ్ పని పూర్తిచేయండి, తిన్న వెంటనే పళ్లు తోముకుని, షాపు లేని వైపు నడవండి.

ఒక్కటే తాగానన్నారు. మిగిలిన తొమ్మిది ఎక్కడున్నాయో రాయలేదు. బీరువా మీద ఉంటే దింపండి, పంపు కింద తడిపి పారేయండి. రూమ్మేట్‌కి మాత్రం ఇవ్వకండి, మీకు కావలసినప్పుడు ఎక్కడున్నాయో గుర్తుంటుంది.